బాటిలు కావాలన్న మాణిక్యమ్మ

నేను ఒక సెలైన్ స్టాండును. చక్రం ఒకటి ఊడిపోయి, ప్రస్తుతం ఆస్పత్రి స్టోరు గదిలో పాత పరుపుల వెనక నిలబడి ఉన్నాను. పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. మొదటి కొలువు రేపల్లె దగ్గర ఒక పల్లెలో, ఆర్ఎంపీ డాక్టరు కోటయ్య గారి దగ్గర. అక్కడ నా వైభవం ఏం చెప్పమంటారు! నీరసమంటే బాటిలు, జ్వరమంటే బాటిలు, కోడలి మీద అలిగి అన్నం మానేసినా బాటిలే. ఉత్త బిళ్ళలిచ్చి పంపితే ఈయనకి వైద్యం రాదని పెదవి విరిచేవాళ్ళు. మనుషులకి మందు కంటికి కనబడాలి, చుక్క చుక్కగా దిగాలి, చుట్టూ నలుగురు నిలబడి చూడాలి. ఆ మర్యాదంతా నాదేననుకుని తెగ మురిసిపోయేదాన్ని.

కోటయ్య గారు పోయాక గుంటూరులో ఒక క్యాన్సర్ ఆస్పత్రికి చేరాను. అక్కడ నాకు తగిలించేది కీమో మందు. ఒకరోజు మాణిక్యమ్మ వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద ఇడ్లీలు వేసి అమ్మింది. ఊపిరితిత్తిలో క్యాన్సర్. గడ్డలోంచి తీసిన ముక్కను పరీక్షకు పంపితే జన్యువులో ఏదో మార్పు కనబడిందట. సరిగ్గా ఆ మార్పు మీదే పనిచేసే బిళ్ళ ఉందని, రోజుకొకటి ఇంట్లోనే వేసుకోవచ్చని డాక్టర్ షాహిదా చెప్పారు. కూతురు ఊపిరి పీల్చుకుంది. మాణిక్యమ్మ మాత్రం తిన్నగా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"నాకూ బాటిలు పెట్టండి. ఇంత జబ్బుకి బిళ్ళేంటమ్మా? ఇక లాభం లేదని ఇంటికి పంపేస్తన్నారు, నాకు తెలవదా?"

నేను పొంగిపోయాను, ఒప్పుకుంటాను.

"వదిలెయ్యట్లేదు మామ్మగారూ. మీ జబ్బుకి ముందు వాడాల్సింది ఈ బిళ్ళే. ఈ వయసులో కీమో తట్టుకోవడమూ కష్టం. జబ్బు పూర్తిగా పోతుందని చెప్పను, అణిగి ఉంటుంది. పొక్కులు రావచ్చు, విరేచనాలవచ్చు. వస్తే వెంటనే చెప్పండి" అన్నారు డాక్టరు.

మాణిక్యమ్మ మొహం తిప్పుకుంది. నాకు తగిలించిన బాటిలు ఎక్కించుకుంటున్న సీతారామయ్య గారు కళ్ళు తెరిచారు. రిటైరైన పోస్టుమాస్టరు, ఆవిడకన్నా రెండేళ్ళు పెద్ద, జబ్బూ అదే.

"చెల్లెమ్మా, నా ముక్కనీ అదే పరీక్షకి పంపారు. ఆ మార్పు ఉండాలని పదిహేను రోజులు దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. లేదన్నారు. అందుకే నాకీ బాటిలు. నాకు దొరకనిది నీకు దొరికితే వద్దంటావా?"

ఆవిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నా పొగరు కూడా అక్కడితో దిగింది.

మూడు నెలలకి స్కాన్ చూపించుకోవడానికి వచ్చింది. గడ్డ సగానికి సగం తగ్గిందట, మొహం నిండా మాత్రం పొక్కులు. "ఈ వయసులో మొటిమలేంటి చెల్లెమ్మా!" అని సీతారామయ్య గారు నవ్వారు. ఆయన గడ్డా కొంత తగ్గింది కానీ జుట్టు ఊడిపోయింది, అన్నం సయించట్లేదు. అంతకుముందు ఆయన నవ్వి చాలా రోజులైందని నాకు తెలుసు.

ఆవిడ పని పావుగంటలో అయిపోయింది. ఆయన బాటిలు సగం కూడా దిగలేదు. బస్సుకి వేళవుతోందని కూతురు తొందరపెట్టింది.

"నువ్వెళ్ళి టీ తాగిరా" అంది మాణిక్యమ్మ, కుర్చీ ఆయన వైపు జరుపుకుంటూ. "అన్నయ్యది అయినాక పోదాం."