డాక్టరు గారి జుట్టులో జింకు

సముద్రపు నీళ్లలో జింకు ఉంటుంది. ఎంతంటే, ఉందా లేదా అని అనుమానం వచ్చేంత. ఆ కాస్తనీ కుళ్లిన నాచులోంచి వచ్చిన సేంద్రియ పదార్థం గట్టిగా పట్టుకుని వదలదట. ఆ ముక్క చదివిన రోజు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. వదలకుండా పట్టుకునేవాళ్ల గురించి ఎక్కడ చదివినా నాకు అంతే.

ఆ జింకును కొలిచే ల్యాబులో సీసాలు కడగడం నా పని. గాజులు, జడపిన్నులు గుమ్మం బయటే వదిలి, టోపీ, చేతి తొడుగులు వేసుకుని లోపలికి వెళ్లాలి. అంత చేసినా నెల రోజులుగా జింకు ఉండాల్సినదానికి ఇరవై రెట్లు వస్తోంది. ల్యాబు పెద్ద డాక్టరు గారు ఆ తప్పు పిచ్చుక మీద వేశారు. పిచ్చుకంటే అక్కడ పరీక్షలు చేసే పిల్ల. ఆ పేరు నేను పెట్టిందే.

"శుక్రవారం లోపు అంకె దిగకపోతే వేరే ఉద్యోగం చూసుకో అమ్మాయ్," అన్నారాయన తల గోక్కుంటూ.

"అందులో జింకుంటుందని మొహానికి క్రీము మానేసి నెలైంది సార్. అద్దం కూడా నన్ను గుర్తుపట్టట్లేదు," అంది పిచ్చుక.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నా ఎదుట ఎవరో ఒకరు పెట్టె సర్దుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు ఈ పిల్ల కూడానా?

ల్యాబు పక్క స్నానాల గది కడగడమూ నా పనే. అచ్చక్షరం కనబడితే చదవకుండా ఉండలేను. మర్నాడు పొద్దున అక్కడున్న షాంపూ సీసా వెనక చదివాను. చుండ్రు పోగొట్టేదట. కింద చీమల్లాంటి అక్షరాల్లో, జింక్ పైరిథియోన్. రోజూ పరుగు ముగించుకొచ్చి అక్కడ తలంటుకునేది డాక్టరు గారొక్కరే. జుట్టు అణిగిపోతుందని టోపీ పెట్టుకోనిదీ ఆయనొక్కరే.

ఈ మాట చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే పిచ్చుకది. సీసా పట్టుకుని వెళ్లాను.

"బాబూ, మీ తలలో జింకుంది."

"నా తలలో మెదడుంది పెద్దమ్మా!"

"అది లోపల. నేను చెప్పేది పైన."

పిచ్చుక అటు తిరిగి దగ్గింది. డాక్టరు గారు ఎర్రబడ్డారు. శుద్ధమైన నీళ్లు రెండు గిన్నెల్లో పోయించారు. ఒకటి పిచ్చుక ఊరికే తెరిచి మూసింది. రెండోదాని మీదికి ఆయన వంగి ఒక్కసారి గోక్కున్నారు. సాయంత్రానికి యంత్రం తేల్చింది. పిచ్చుక గిన్నెలో దాదాపు సున్నా. ఆయన గిన్నెలో జింకు యంత్రం కొలవగలిగినదాన్ని దాటిపోయింది.

డాక్టరు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు అమ్మాయ్," అన్నారు. "ఇకమీదట ఈ గదిలోకి ఎవరు రావాలో నువ్వే చెప్పు."

"అయితే ముందు మీరు బయటికి నడవండి సార్."

నడిచారు. పిచ్చుక సముద్రపు నీళ్లు మళ్లీ పరీక్షకు పెట్టింది. ఆయన అద్దాల తలుపు అవతల నిలబడి, అంకె ఎంత వచ్చిందని వేళ్లతో సైగ చేశారు. పిచ్చుక కూడా సైగే చేసింది, వెలుతురుకు అడ్డం తప్పుకోమని.