తోసేవాళ్లు లేని కారు

జగన్నాధం నాయుడి కారు బ్యాటరీ మళ్లీ చచ్చింది. ఊళ్లో కరెంటు లేదు. ఛార్జింగంటే నరసన్నపేట మోసుకుపోవాలి. అందుకే రోజూ కూలీలు తోస్తేనే కారు కదిలేది. మొన్న ఆ కూలీల గొడ్లు మేసే బంజరుకి నాయుడు కంచె వేశాడు. మింగేశాడనే చెప్పాలి.

ఈ పొద్దున శ్రీకాకుళం ఆసుపత్రిలో కూతురికి పురుడు కష్టమైందని కబురొచ్చింది. పొలానికి పోతున్న కూలీల్ని పిలిచాడు.

"ఒరే అప్పలసూరీ, ఓపాలి తొయ్యండ్రా."

"కంచె పీకీ బాబూ, అందరం వస్తాం. లేదంటే ఆ గడ్డేదో నీ కారుకెట్టి సూడు."

కూతురి సంగతి చెబితే వాళ్లు తోసేవారే. నాయుడికి నోరు రాలేదు. వాళ్లు వెళ్లిపోయాక ఒక్కడే వెనక నిలబడి తోశాడు. కారు కదిలింది. లోపల కూర్చుని గేరు వేసే మనిషి లేడు.