బైండింగ్ గదిలో రెండు గంటలు

ఇంజనీరింగ్ పిల్లలకు సమాజశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది నాకు. మొదటి నెలంతా గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. ఏ బ్రాంచి వాళ్లయినా డిగ్రీ చేతికి రావాలంటే ఈ ఒక్క కోర్సూ పాసవ్వాలి కాబట్టి వస్తారు, వెనక బెంచీల్లో కూర్చుని వేరే లెక్కలు చేసుకుంటారు. పాపం, పిల్లల మీద నాకు కోపం లేదు. కోపమంతా మెకానికల్ హెడ్‌గారి మీదే. నాది కాలక్షేపం కోర్సట. దాన్ని ఎత్తేసి ఆ గంటలు వర్క్‌షాపుకి ఇవ్వాలని ప్రతిపాదన పెట్టారు. శుక్రవారం సిలబస్ కమిటీలో తేలిపోతుంది. కోర్సు పోతే నేనూ ఇంటికి పోవాల్సిందే. అయినా ఉద్యోగం సంగతి కన్నా ఆ కాలక్షేపం అన్న మాటకే నాకు ఒళ్లు మండింది.

క్లాసులో ఏటా ఒకే పని ఇస్తాను. ఎక్కడో ఒకచోట రెండు గంటలు కూర్చోండి, ఎవర్నీ ఏమీ అడక్కండి, చూసింది రాయండి. ఒకటే నియమం: మీ రాత వల్ల ఎవరికీ నష్టం రాకూడదు, ఎవరు ఎవరో బయటపడకూడదు. చాలామంది క్యాంటీన్లో టీ తాగి అరపేజీ గీకి ఇస్తారు. ఈసారి స్పానర్ అని అందరూ పిలిచే అమ్మాయి మాత్రం కాలేజీ ప్రెస్సులో బైండింగ్ గదికి వెళ్లింది. బ్యాగులో ఎప్పుడూ ఓ స్పానర్ పెట్టుకుని తిరుగుతుందని ఆ అమ్మాయికి ఆ పేరు పడింది. హెడ్‌గారికి ప్రియశిష్యురాలు.

ఆ గదిలో ఆరుగురు ఆడవాళ్లు పరీక్షల జవాబు పుస్తకాలకు కాగితాలు మడిచి, పేర్చి, కుడతారు. ఏళ్ల తరబడి ఒక పెద్ద గుండ్రటి బల్ల చుట్టూ కూర్చునేవారు. ఈ టర్ము మొదట్లో, ప్రెస్సు బాధ్యత కూడా చూసే హెడ్‌గారు దాన్ని తీయించి, ఒక్కొక్కరికీ ఒక బల్ల, ఒక దీపం, ఎత్తు మార్చుకునే కుర్చీ చేయించి, బడిపిల్లల్లా ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టారు. అబద్ధమెందుకు, కుర్చీలు బాగున్నాయి. కానీ రోజుకి తొమ్మిది వందల పుస్తకాలు కుట్టే గది ఆరు వందల దగ్గర ఆగిపోయింది. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. హెడ్‌గారు కుర్చీల ఎత్తు నాలుగుసార్లు కొలిపించారు, దీపాలు రెండుసార్లు మార్పించారు. కూర్చున్న మనుషుల్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

మంగళవారం స్పానర్ ఏడు పేజీలు పట్టుకొచ్చింది. ముందు బల్లల వాళ్లు మాటిమాటికీ పని ఆపి వెనక్కి తిరుగుతున్నారట. ఎవరో ఒకరు లేచివెళ్లి, ఒకావిడ కుప్పలోంచి గుప్పెడు కాగితాలు తెచ్చుకుని తన బల్ల మీద మడుస్తున్నారట. రెండు గంటల్లో నలభై మూడుసార్లు లేచారు. ఆ ఒకావిడకి చేతులు వెనకటిలా ఆడడం లేదు. గుండ్రటి బల్ల అయితే చెయ్యి ఆగగానే పక్కవాళ్లకి కనపడుతుంది, లేవకుండానే కాగితాలు లాక్కోవచ్చు అని చివర్లో రాసింది. చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి, అద్దాలు తుడుచుకునే వంక పెట్టుకున్నాను.

మర్నాడు ఇద్దరం హెడ్‌గారి గదికి వెళ్లాం. ఆయన ఒకసారి చదివారు, మళ్లీ మొదటికొచ్చి చదివారు.

“ఎవరా ఒకావిడ?”

“చెప్పనండి సర్.”

“నీ ప్రాజెక్టు మార్కులు వేసేది నేనే, గుర్తుందా?”

“గుర్తుంది సర్. చెబితే మీరు ఆ అక్కని తీసేస్తారు. తీయాల్సింది ఆ బల్లల్ని.”

ఆయన మొహం జేవురించింది. నేను అడ్డం పడబోయి ఆగిపోయాను, ఆ పిల్లకి నా సాయం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లుగా చెబుతున్న నా పాఠం ఇంకొకరి నోట అంత గట్టిగా వినడం అదే మొదలు. హెడ్‌గారు ఆ ఏడు పేజీలూ మడిచి పక్కన పెట్టి, ఆ పాత బల్ల ఎక్కడ పడేశారో కనుక్కోమన్నారు. ఆ ఒకావిడ ఎవరని మళ్లీ అడగలేదు.

బల్ల స్టోరు రూములో కాళ్లు ఊడదీసి ఉంది. స్పానర్ తన స్పానర్‌తోనే బిగించింది. హెడ్‌గారు చొక్కా చేతులు మడిచి ఒక పక్క ఎత్తిపట్టారు. కొత్త కుర్చీలు మాత్రం ఉంచమని ఆడవాళ్లే అడిగారు. గురువారం సాయంత్రానికి తొమ్మిది వందల అరవై పుస్తకాలు తయారయ్యాయి.

శుక్రవారం కమిటీలో నా కోర్సు వంతు వచ్చింది. రాసుకెళ్లిన వాదన నేను విప్పకముందే హెడ్‌గారు లేచి, ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నానన్నారు. అంతటితో కూర్చోలేదు.

“మా వాళ్లకి ఈ కోర్సు మొదటేడే పెట్టండి. నాకైతే చూడ్డం ఎవరూ నేర్పలేదు.”

గెలిచాను. మెట్లు దిగుతూ ఎవరూ లేని మలుపు దగ్గర రెండేసి మెట్లు దూకాను. యాభై మూడేళ్ల మోకాళ్లు కిక్కురుమనలేదు.

నెల తర్వాత కొత్త సిలబస్ పుస్తకం కుట్టుకి వచ్చిందంటే చూడ్డానికి వెళ్లాను. ఆరుగురూ పని ఆపకుండానే పలకరించారు. నా కోర్సు అచ్చయిన కాగితం ఒక చేతి కింద సగం మడతలో ఆగింది. పక్కావిడ మాట్లాడుతూనే దాన్ని తనవైపు లాక్కుని, మడత పూర్తిచేసి, కుప్ప మీద పెట్టింది. ఆ ఆగిన చెయ్యి ఎవరిదో నేను చూశాను. మీకు మాత్రం చెప్పను.