మైఖేల్ గారి మోకాలు

2023 జూలై పదిహేను, శనివారం. ఆ మధ్యాహ్నం క్రైస్ట్‌చర్చ్‌లో మైఖేల్ గారింట్లో సీసా గోంగూర వేసి వండిన గొర్రె మాంసం కూర, అన్నం, పెరుగు పచ్చడి తిన్నాం. మా అబ్బాయి విన్సెంట్‌కూ వాళ్ల అమ్మాయి జెన్సీకీ ప్రధానం, అదే నిశ్చితార్థం, ఎప్పుడు పెట్టుకోవాలో మాట్లాడుకోవడానికి వెళ్లాం. నా భార్య జ్ఞానమణి పోయి అప్పటికి రెండేళ్లు. ఇలాంటి మాటలన్నీ ఆవిడే చూసుకునేది. నాకు చేతకాదని కనిపెట్టి, జెన్సీ వాళ్లమ్మ తారాబాయి గారు తనే ఆగస్టులో ఒక తేదీ చెప్పి, తనే సరేననుకుని, నా కంచంలో ఇంకో ముక్క వేశారు.

"ఏం బాబూ, కూరెలా ఉంది?" అన్నారు మైఖేల్ గారు.

"ఉప్పు ఎక్కువైంది అంకుల్," అన్నాడు మావాడు.

"విన్నావా తారా! ముప్పై ఏళ్లుగా నేను అనలేకపోయిన మాట!"

"సరే, రేపట్నుంచి మీకు చప్పిడి కూడే," అన్నారు ఆవిడ. అందరం నవ్వాం. విన్సెంట్ నవ్వలేదు. అడిగారు కాబట్టి చెప్పాడు, అంతే.

వాడికి ఆటిజం ఉంది. ఇరవై నాలుగో ఏట పరీక్షలు చేసి చెప్పారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తాడు, అందులో మంచి పేరుంది. జెన్సీ వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. సంగతంతా తెలిసే వాణ్ణి ఇష్టపడింది.

భోజనాలయ్యాక మైఖేల్ గారు వెనక తోట చూపిస్తానని మావాణ్ణి తీసుకెళ్లారు. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం; ఆ ఇంటికి ఎండ తగలని దక్షిణం వైపు మెట్ల మీద మంచు మధ్యాహ్నమైనా కరగదు. ఆయన జారిపడ్డారు. అరుపు విని మేం పరుగెత్తేసరికి ఆయన ఎడమ మోకాలు పట్టుకుని నేల మీద ఉన్నారు. విన్సెంట్ పైమెట్టు మీద, రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు. మేం రాగానే వాడు వెనుదిరిగి, ఇల్లు దాటి, వీధిలో ఉన్న మా కారులో కూర్చుండిపోయాడు. జెన్సీ ఒక చేత్తో తండ్రి కాలు కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఒక్కసారి తలెత్తి, "విన్సెంట్ ఏడీ?" అంది.

మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ చేశారు. పక్కింటి కివీ ముసలాయన ఎవరూ అడగకుండానే వచ్చి మంచు కరగడానికి ఆ మెట్ల మీద ఉప్పు చల్లి వెళ్లాడట.

మూడో రోజున జెన్సీ నాకు ఫోన్ చేసింది.

"అంకుల్, నాకు కోపం లేదు. భయంగా ఉంది. రేపు నాకు నొప్పులొస్తే, పిల్లాడెవడైనా పడితే, తను అలాగే వెళ్లిపోతే నేనొక్కదాన్నే ఉంటానా? ప్రధానం గురించి కొంచెం థింక్ చేసుకోవాలి."

"చేసుకో తల్లీ. తొందరేం లేదు," అన్నాను. తొందర లేదన్నానే గానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

చర్చిలో మాటలు మొదలయ్యాయి. ఆటిజం వాళ్లకి ఎదుటివాళ్ల బాధ తెలియదటగా, అని ఒకాయన నన్నే అడిగాడు. వాణ్ణి పరీక్షించిన డాక్టరమ్మ మాకు అలా చెప్పలేదు. ఎదుటివాడి ముఖం చూసి మనసులో ఏముందో పోల్చుకోవడం ఒకటి, వాడి బాధకు మన ఒళ్లు కలుక్కుమనడం వేరొకటి, అంది. ఒకటి తక్కువున్న మనిషికి రెండోది తక్కువుండాలని లేదట. కొందరికి అది మరీ ఎక్కువుంటుందట, ఎవరి తీరు వాళ్లదట. ఇదంతా చర్చి మెట్ల మీద నిలబడి చెప్పే విషయం కాదు గనుక, "టీ తాగుదాం రండి," అన్నాను.

మైఖేల్ గారు ఇంటికి వచ్చిన ఆదివారం సాయంత్రం ప్రార్థన పెట్టారు. మావాళ్లలో జబ్బుపడ్డ మనిషిని ఒంటరిగా వదలడం ప్రేమ కాదు. పదిహేను మందిమి ఆ చిన్న పడగ్గదిలో మంచం చుట్టూ చేరాం. చోటు చాలక ఇద్దరు మంచం అంచు మీదే కూర్చున్నారు. చప్పట్లు కొట్టి పాడుతుంటే మంచం ఊగేది. విన్సెంట్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వారం రోజులుగా వాడు ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు. డాక్టరుకు చూపించమంటే "కాలికేం లేదు" అన్నాడు.

పాట అయ్యాక పాస్టరు గారు అడిగారు: "నొప్పెలా ఉంది బ్రదర్?"

హాస్పిటల్లో నొప్పిని సున్నా నుంచి పది వరకూ చెప్పమంటారు కదా. మైఖేల్ గారు చిరునవ్వుతో రెండు వేళ్లు చూపించారు. "దేవుని కృప. రెండే."

అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు గారు ప్రార్థన అందుకున్నారు. అందరి చేతులూ దుప్పటి మీద ఆనాయి.

"ఆపండి," అన్నాడు విన్సెంట్.

పాస్టరు గారి గొంతు ఆగింది. ప్రార్థన మధ్యలో ఆపమన్నవాణ్ణి నా అరవై ఏళ్లలో నేను చూడలేదు.

"ఆయనకు నొప్పిగా ఉంది. రెండు కాదు. మంచం మీంచి లేవండి, ప్లీజ్."

"అబ్బెబ్బే, ఏం లేదయ్యగారూ, కానివ్వండి," అన్నారు మైఖేల్ గారు కంగారుగా. విన్సెంట్ బయటికి వెళ్లిపోయాడు, కాలు ఈడ్చుకుంటూ. వెనక ఎవరో, "మామగారి నడక అప్పుడే నేర్చుకున్నాడే!" అన్నారు. ఒకరిద్దరు నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. జెన్సీ ముఖం ఎర్రబడింది. తలుపు తోసుకుని వాడి వెనకే వెళ్లింది. నేనూ వెళ్లాను.

"మా డాడీని వెక్కిరిస్తున్నావా?" అంది వరండాలో.

"లేదు. నా మోకాలు నొప్పి. ఆయన పడ్డప్పట్నుంచి."

"నువ్వు పడలేదుగా!"

"పడలేదు. ఆయన్ని చూస్తే వస్తుంది. అందుకే చూడకుండా ఉంటాను. ఆ రోజు మరీ ఎక్కువైంది, వినబడటం కూడా ఆగిపోయింది. అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామనుకున్నాను, నంబర్లు కనబడలేదు."

జెన్సీ వాడి మోకాలి వైపు చూసింది. తర్వాత మెల్లగా, "నాకు నొప్పొస్తే?" అంది.

"గదిలోంచి వెళ్లిపోతానేమో," అన్నాడు వాడు. ఒక్క అబద్ధమాడరా బాబూ అనుకున్నాను నేను. "ఎక్కడికి వెళ్తున్నానో చెప్పి వెళ్తాను. ఎవరినైనా పిలిచి వెళ్తాను. మళ్లీ వస్తాను."

ఆమె లోపలికి వెళ్లింది.

ప్రార్థన ముగించి, సమోసాలు తిని, జనం వెళ్లారు. నేను వంటింట్లో పళ్లేలు కడుగుతుంటే జెన్సీ వచ్చి తువ్వాలు అందుకుంది.

"డాడీ పొద్దుట్నుంచి నొప్పి టాబ్లెట్ వేసుకోలేదు అంకుల్. ప్రార్థనలో నిద్రొస్తుందని దిండు కింద పెట్టుకున్నాడు. తలుపేసి అడిగితే ఎనిమిదన్నాడు. పాస్టరు గారు అంత దూరం నుంచి వస్తే ఎనిమిదని ఎలా చెప్తానే, అంటాడు." పళ్లెం తుడిచి పెట్టింది. "ఆంటీ హాస్పిటల్లో ఉన్నప్పుడు విన్సెంట్ ఎక్కడుండేవాడు?"

"కార్ పార్కులో. రోజూ వచ్చి, మణి తాగే సూపు నర్సు చేతికిచ్చి, వెళ్లి కార్లో కూర్చునేవాడు. మణి మంచం కిటికీ పక్కన. కారు కనిపించేది. ఉన్నాడులే, అనేది. పడుకునేది."

జెన్సీ ఇంకో పళ్లెం తీసుకుంది. చాలాసేపు దాన్నే తుడిచింది.

"ఆగస్టు కుదరదు అంకుల్," అంది చివరికి. నా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. "డాడీ నడిచి రావాలి కదా. అక్టోబర్ పెట్టుకుందాం. అమ్మకి నేను చెప్తాను."

తర్వాత వరండాలోకి వెళ్లి వాడితో అంది: "మందు పనిచేస్తోంది. ఇప్పుడు మూడట, నిజం మూడు. వస్తావా?"

విన్సెంట్ వెళ్లి మంచం పక్క కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"గోడతో ఏం మాటలు బాబూ?" అన్నారు మైఖేల్ గారు మగతగా.

"మీతోనే అంకుల్. ఇలా అయితే ఎక్కువసేపు ఉండగలను."

"ఉండు మరి."

వాళ్లు తోటలో వేయాల్సిన బంగాళాదుంపల గురించి మాట్లాడుకున్నారు. కాసేపటికి ఒక్క గొంతే వినబడింది, తర్వాత అదీ లేదు. విన్సెంట్ లేచి, దీపం ఆర్పి, బయటికొచ్చాడు. గొళ్లెం చప్పుడు కాకుండా పిడిని చివరిదాకా తిప్పి పట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.