అక్షర గారి రహస్య భాష

దోహాలో దిగిన రోజు నుంచీ అక్షరకి ఏదీ నచ్చలేదు. నచ్చకపోవడాన్ని ఆమె ఒక ఉద్యోగంలా శ్రద్ధగా చేసింది. ఆగస్టు నెలలో విమానాశ్రయం తలుపు దాటగానే కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది. "అద్దాలకి కూడా ఈ ఊరు సూడాలని లేదు" అంది. ఇసుక రంగు భవనాలు నచ్చలేదు. ఆదివారం పొద్దున్నే క్లాసులు పెట్టడం నచ్చలేదు. కరక్ టీ అసలే నచ్చలేదు. మలేసియాలో వాళ్ళ ఊరు ఈపోలో టీని రెండు గ్లాసుల మధ్య గజం పొడుగున లాగి, నురగ తెప్పించి ఇస్తారు. ఇక్కడ ఏలకులు వేసి మరిగించి కాగితం కప్పులో పోసేస్తారు. "లాగడానికి బద్ధకమేసి వదిలేసిన టీ" అని తీర్పు చెప్పి, రోజుకి మూడు కప్పులు తాగేది.

ఈ తీర్పులన్నీ తెలుగులోనే వెలువడేవి. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం నుంచి మలయా కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళాడు. నాలుగు తరాలు గడిచినా ఇంట్లో ఆయన మాటే నడుస్తోంది. బయట వీధి నిండా మలయ్, చైనీస్, తమిళం. తెలుగు మాత్రం వాళ్ళింటికి వేసిన తాళం. చేపల బజారులో వాళ్ళమ్మ, అమ్మేవాడి ముఖంలోకి తియ్యగా నవ్వుతూ, "ఈ సేప మొన్న సచ్చినాదే, పద" అనేది. బస్సులో పక్కవాడి చెమట గురించీ, పెళ్ళిలో పెళ్ళికూతురి ముక్కు గురించీ తల్లీకూతుళ్ళు గొంతు తగ్గించకుండా మాట్లాడుకునేవాళ్ళు. అంత సుఖాన్ని పద్దెనిమిదేళ్ళు అనుభవించి, అక్షర దాన్ని బట్టలతో పాటు సర్దుకుని ఖతర్‌కి తెచ్చుకుంది.

ఇంజనీరింగులో సీటు తెచ్చుకున్న పిల్లే. కానీ ఖతర్‌లో బస్సు ఎవరు నడుపుతున్నారో, అన్నం ఎవరు వడ్డిస్తున్నారో, నేల ఎవరు తుడుస్తున్నారో తలెత్తి చూడాలని తట్టలేదు.

హాస్టల్ నుంచి క్లాసులకి తీసుకెళ్ళే బస్సు డ్రైవరు రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. మొదటి రోజే అక్షర ఆయన వెనక సీట్లో కూర్చుని, స్పీకర్ పెట్టి అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, ఈ డ్రైవరు మీసం నువ్వు సూడాల! మూతి మీద రెండు బొద్దింకలు కూకున్నట్టుంది."

రాజన్న అద్దంలో మీసం చూసుకుని, మర్యాదగా గేరు మార్చాడు. తనకి తెలుగు వచ్చని చెప్పేస్తే సరదా ఆ రోజుతో ఆఖరు. చెప్పకపోతే రోజూ వినొచ్చు. సాయంత్రం పనివాళ్ళుండే క్యాంపులో తోటి తెలుగువాళ్ళతో పళ్ళాల ముందు కూర్చోగానే, "ఇయ్యాల ఏమన్నదో ఇనుండ్రి" అని మొదలుపెట్టేవాడు. క్యాంపులో ఆమె పేరు 'బొద్దింకల పిల్ల'.

ఇక చెప్పుల సంగతి. మలేసియాలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. అక్షర కూడా నాలుగో అంతస్తులో తన గది బయట వరండాలో విడిచేది. మంటలొస్తే పరిగెత్తే దారి కాబట్టి అక్కడ ఏ వస్తువూ ఉండకూడదని హాస్టల్ నియమాల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం మొదటి రోజు నుంచీ అక్షర రైస్ కుక్కర్ కింద పీటగా సేవ చేస్తోంది.

డిసెంబరు వచ్చేసరికి మూడు జతలు మాయమయ్యాయి. మాయమైన ప్రతిసారీ వరండాలో ఆకుపచ్చ యూనిఫాం వేసుకున్న ఒకావిడ తుడుస్తూ కనిపించింది. 'నా చెప్పులు చూశారా' అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగడానికి ముందు ఆవిడ ముఖం చూడాలి కదా. అక్షర కంప్యూటరు ముందు కూర్చుని, 'ఒక పథకం ప్రకారం సాగుతున్న దొంగతనం' అంటూ రెండు పేజీల ఇంగ్లీషు ఫిర్యాదు రాసి, వార్డెన్ జమీలాకి పంపింది. గంటలో జవాబొచ్చింది: మధ్యాహ్నం రెండింటికి క్లీనింగ్ కంపెనీ సూపర్‌వైజరు వస్తున్నాడు.

అక్షర వరండాలో గోడకి ఆనుకుని, విజయగర్వంతో అమ్మకి ఫోన్ చేసింది.

"దొంగ దొరికినాది అమ్మా. ఇక్కడే నా ముందల తుడస్తంది. మొకం సూడు, ఏటీ తెలీనట్టు! కాయితం రాసీసినాను. మజ్జానానికి పీకేస్తారు."

తుడుపుకర్ర ఆగింది.

"ఆయ్, నన్నేనా అమ్మా అంటున్నారు?"

ఫోన్లోంచి అమ్మ, "ఎవురే అది?" అంది. అక్షర ఫోన్ పెట్టేసింది.

"మీరు… తెలుగా?"

"అమలాపురం దగ్గరండి. సుకుమారి అంటారు నన్ను. మీరొచ్చిన కాణ్ణించీ వింటున్నాను. మొదట్లో నన్ను నూనె రాసిన గుమ్మడికాయన్నారు. ఫోన్లో చెబితే మా ఆయన పడీపడీ నవ్వాడు, పోన్లే అనుకున్నాను. దొంగన్నారు చూడండి, అది బాలేదమ్మా."

అక్షర ముఖం కందగడ్డలా అయింది. సుకుమారి మాట పెంచకుండా ఆమెని కిందికి తీసుకెళ్ళింది. సెక్యూరిటీ బల్ల వెనక అలమరలో మూడు జతలూ ఉన్నాయి. దుమ్ము దులిపి, విడివిడిగా కవర్లలో పెట్టి, మీద 412 అని గది నంబరు అంటించి.

"వరండాలో ఏదున్నా ఎత్తి ఇక్కడెట్టడం మా డ్యూటీ. మూడుసార్లూ మీ తలుపు కింద చీటీ తోశాను."

"ఆ పచ్చ కాయితాలా? పిజ్జా వాళ్ళవనుకున్నాను… నోటితో ఒక మాట సెప్పొచ్చు కదా?"

"చెప్పబోయానమ్మా. చెవుల్లో అవేవో పెట్టుకుని, నో నో అని తలుపేసేరు."

సుకుమారి మూడు కవర్లూ ఆమె చేతిలో పెట్టి అంది: "దొంగతనం కంప్లైంటంటే కంపెనీ వెనకా ముందూ చూడదు. ముందు డ్యూటీ ఆపేస్తారు, రెండ్రోజుల్లో ఇంటికి టికెట్టు. మా అమ్మాయి షెరిన్ నర్సింగు రెండో ఏడు చదువుతోంది. దాని చదువు నా డ్యూటీ మీదే నడుస్తోందమ్మా."

అప్పుడు కూడా ఈ మహాతల్లికి ముందు తట్టిందేమిటంటే, పంపిన మెయిల్ వెనక్కి లాగొచ్చా అని. తర్వాత, 'చిన్న పొరపాటు జరిగింది' అని ఇంకో మెయిల్ కొడితే సరిపోతుందేమో అని. బొటనవేలు అప్పటికే ఫోన్ మీద కదులుతోంది.

"మెయిలొద్దమ్మా. మీరే రండి," అంది సుకుమారి. "నేనేం చెప్పినా నమ్మరు. మీరేం చెప్పినా నమ్ముతారు. అదే కదా గొడవ."

రెండింటికి అక్షర మూడు జతల చెప్పులూ గుండెకి హత్తుకుని వార్డెన్ గదిలో నిలబడింది. సూపర్‌వైజరు ముందు బల్ల మీద సుకుమారి పేరూ పాస్‌పోర్టు నంబరూ నింపేసిన తొలగింపు ఫారం. సంతకం ఒక్కటే తక్కువ. అక్షర జరిగింది ఇంగ్లీషులో చెప్పింది. రాసేటప్పుడు రెండు పేజీలు పొర్లిన ఇంగ్లీషు ఇప్పుడు నాలుగు ముక్కలకి మించి రాలేదు.

జమీలా కళ్ళజోడు సవరించుకుంది. "ఒక పథకం ప్రకారం అని రాశావు. ఎవరి పథకం?"

"నాదే. చెప్పులు బయట విడవడం మా అలవాటు."

"నియమాల పుస్తకం చదివావా?"

"అది… రైస్ కుక్కర్ కింద ఉంది."

జమీలా నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. సూపర్‌వైజరు ఫారం మడిచి, "సరే, ఫైల్లో ఉంచుతాను" అంటూ సంచీ తెరిచాడు. తలుపు దగ్గర సుకుమారి చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఉంచొద్దు. చించండి," అంది అక్షర.

"అలా చించడం మా పద్ధతి కాదు."

"చించేదాకా ఇక్కడే ఉంటాను."

రెండున్నరకి ఆమెకి లెక్కల పరీక్ష ఉంది. రెండున్నర అయింది. మూడు కావచ్చింది. చెప్పులు పట్టుకుని నిలబడిన పిల్లని చూసీ చూసీ విసుగెత్తి, జమీలా కూడా చించమన్నాక, సూపర్‌వైజరు ఫారాన్ని నాలుగు ముక్కలు చేశాడు. అక్షరకి దక్కినవి పరీక్షలో సున్నా, వరండా అడ్డగించినందుకు ఒక లిఖిత హెచ్చరిక. రెండూ తీసుకుంది. తీర్పు ఏమీ చెప్పలేదు.

సాయంత్రం క్లాసుకి బయల్దేరితే, బస్సు స్టాపులో చల్లగాలి హాయిగా వీస్తోంది. ఆ గాలికి వంక పెట్టే ఓపిక కూడా ఆమెకి మిగల్లేదు. బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది.

"ఎక్కు బిడ్డా," అన్నాడు రాజన్న. "బొద్దింకలు కరవయి."

అక్షర మెట్టు మీదే ఆగిపోయింది. "మీరు కూడానా!"

"సుకుమారక్క ఫోన్ చేసింది, డ్యూటీ పోలేదని. గందుకే మాట్లాడుతున్న. లేకుంటే ఇయ్యాల బస్సు ఆపకపోతుంటి."

"ఇంకా ఎంతమందికి తెలుసు?"

"క్యాంపుల అరవై మందిమి. నువ్వు ఊకుంటే మాకు టీవీ బందైనట్టే."

అక్షర ఆయన వెనక సీట్లోనే కూలబడింది. ఫోన్ మోగింది. అలవాటు చొప్పున వేలు స్పీకర్ మీద పడింది, బస్సంతా మోగేలా ఈపో నుంచి అమ్మ గొంతు:

"ఏటే, ఫోనెట్టీసినావు? దొంగ సంగతేటి? బస్సెక్కినావా? ఇయాల కూడా ఆ బొద్దింకల డ్రైవరేనా?"

అక్షర నోరు తెరిచేలోపు రాజన్న తల సగం వెనక్కి తిప్పి, ఫోన్‌కి వినబడేలా గట్టిగా అన్నాడు.

"అవునక్కా, నేనే. బాగున్నవా?"