సుత్తి ముట్టుకోవద్దు

ఎడమ చక్రం మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. సోమవారం సాయంత్రం నగరంలోని ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే, బండి అరవై దాటగానే కాళ్ళ కింద ఎక్కడో తేనెపట్టు కదిలినట్టు సన్నగా లేచింది ఆ శబ్దం. కుడికి మలుపు తిరిగినప్పుడల్లా గొంతు పెంచుతోంది, ఎడమకు తిరిగితే తగ్గుతోంది. జౌరేష్ రేడియో ఆపేసింది. పక్క సీట్లో వెనక్కి వాలి ఉన్న లీదియా కళ్ళు తెరవకుండానే అంది.

"ఎడమదే."

"ఎడమదే," అంది జౌరేష్.

"బేరింగు మార్పించి నెలైనా కాలేదు కదే!"

"ఇరవై ఆరు రోజులు."

వాళ్ళిద్దరి మధ్య అంతకుమించి మాటలు అక్కర్లేదు. ఊళ్ళో బేరింగుల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఇరవై రెండేళ్ళపాటు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. దళసరి గోడలు, రెండేసి తలుపులు ఉన్న ఆ గదిని అందరూ వినే గది అనేవాళ్ళు. తయారైన ప్రతి బేరింగునూ తిప్పి, చెవి ఒగ్గి విని, బాగుంటే ముందుకు పంపాలి, లేకపోతే పక్కన పడెయ్యాలి. అదే వాళ్ళ ఉద్యోగం. కొన్నాళ్ళకు మిషన్లు వచ్చాయి, మీ చెవులు అక్కర్లేదన్నారు. ఇంకొన్నాళ్ళకు ఫ్యాక్టరీయే మూతపడింది. ఇప్పుడు లీదియాకి కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. ఆసుపత్రి తొంభై కిలోమీటర్ల దూరం. చుట్టూ చదునైన మంచు మైదానం, మధ్యలో ఒక్క రోడ్డు. నాలుగు గంటలు సూదులతో పడుకుని లేచిన మనిషిని బస్టాపులో నిలబెట్టడానికి జౌరేష్‌కి మనసొప్పలేదు. అందుకే అరవై ఏడేళ్ళ వయసులో తన చిన్న తెల్ల కారుతో తనే డ్రైవరైంది.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆమె కారు, ఆ బేరింగు వేసిన సైలావ్ గ్యారేజీలోనే ఉంది. సైలావ్ నలభై దాటిన భారీ మనిషి. పని వేగంగా చేస్తాడు, నోరు ఇంకా వేగం. పెద్దవయసు ఆడవాళ్ళందర్నీ అక్కా అన్నట్టు అపా అంటాడు. పొయ్యి పక్కన ముగ్గురు లారీ డ్రైవర్లు చాయ్ తాగుతూ తమ వంతు కోసం చూస్తున్నారు. సైలావ్ జాకీ ఎత్తి, చక్రాన్ని ఒక్క తిప్పు తిప్పి చేతులు దులిపేశాడు.

"నాకేం వినపడట్లేదు అపా. అది టైర్ల గోల. చలికాలం టైర్లు అట్లాగే అరుస్తాయి."

"చక్రం పైనున్న స్ప్రింగు మీద చెయ్యేసి తిప్పు."

"ఎందుకు?"

"చెవి వినకపోతే చెయ్యి వింటుంది. వెయ్యి."

వేశాడు. తిప్పాడు. అతని మొహం కాస్త మారింది. స్ప్రింగు మీంచి సన్నటి గరగర అరచేతిలోకి ఎక్కుతోంది.

"అయితే గోతిలో పడేసుంటారు," అన్నాడు. "సరే, కొత్తది తెచ్చారుగా, గంటలో వేసిచ్చేస్తా. మీరు అట్లా కూర్చుని చాయ్ తాగండి అపా."

జౌరేష్ కూర్చోలేదు. అతను చక్రం ఊడదీసి, బ్రేకు పక్కకి తప్పించి, బేరింగును పట్టుకుని ఉండే బరువైన ఇనుప ముక్కను, వాళ్ళు నకల్ అనే దాన్ని, బల్ల మీదకు చేర్చేదాకా చూస్తూ నిలబడింది. పాత బేరింగును సుత్తితో కొట్టి బయటికి తీస్తుంటే అడ్డుపడలేదు. పాడైన దాన్ని ఎలా తీసినా ఒకటే. అతను కొత్త బేరింగు కోసం చెయ్యి చాపినప్పుడు మాత్రం ఆమె దాన్ని తీసి కోటు జేబులో వేసుకుంది.

"సుత్తి ముట్టుకోవద్దు."

సైలావ్ ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. జౌరేష్ బల్ల మీదున్న పాత బేరింగును విడదీసి, కిరసనాయిలులో కడిగి, గుడ్డతో తుడిచి, బయటి రింగును పట్టుకుని లారీ డ్రైవర్ల దగ్గరికి వెళ్ళింది.

"మీ కళ్ళు బాగానే కనిపిస్తాయిగా, చూడండి. గోళీలు తిరిగే దారిలో ఈ గుంటలు లెక్కపెట్టండి. గోతిలో పడితే బరువు పడ్డ ఒక్క పక్కనే దెబ్బ ఉంటుంది. ఇక్కడ చుట్టూ ఉన్నాయి. ఒక్కో గోళీ కింద ఒక్కో గుంట. నా బండి ఒకేసారి కిందా పైనా అటూ ఇటూ గోతిలో పడిందా?"

డ్రైవర్లలో ముసలాయన రింగును వెలుతురుకు ఎత్తి చూసి, పక్కవాడికి అందించాడు. సైలావ్ చెవులు ఎర్రబడ్డాయి.

"పదిహేనేళ్ళ నుంచి సుత్తితోనే వేస్తున్నా. ఇంతవరకు ఎవరూ చావలేదు."

"ఈ గ్యారేజీలో చావలేదు. దారిలో ఏమయ్యారో నీకెవరొచ్చి చెప్తారు తమ్ముడూ? లోపలి రింగు మీద సుత్తి పడితే ఆ దెబ్బ గోళీల్లోంచి పోతుంది. వెయ్యకముందే దాన్ని చంపేస్తున్నావు."

"మీ ఫ్యాక్టరీ మూసేసి ఇన్నేళ్ళయింది, మీరింకా డ్యూటీ దిగలేదా అపా?"

"గేటుకి తాళం వేశారు. నా చెవులకి వెయ్యలేదు. నీ ప్రెస్సేమైంది?"

బేరింగులను దెబ్బ లేకుండా నొక్కి దించే హైడ్రాలిక్ ప్రెస్సు మూలన కోట్లు తగిలించుకునే కొయ్యలా నిలబడి ఉంది. "సీలు పోయింది," అన్నాడు సైలావ్. "వసంతంలో చూస్తా. అంత పట్టుదలగా ఉంటే నకల్ నగరానికి పంపండి. ఎల్లుండికి ఇస్తారు."

"రేపు పొద్దున్న ఆరింటికి నేను రోడ్డు మీద ఉండాలి."

"అయితే సుత్తే గతి. లేదంటే ముద్దు పెట్టి చూడండి, లోపలికి పోతుందేమో!"

డ్రైవర్లు పగలబడి నవ్వారు. జౌరేష్ వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"పోతుంది," అంది. "పెట్టడం తెలిస్తే. కుడి పక్కది కూడా ఊడదియ్యి."

"అది బాగానే ఉందిగా!"

"దాని వయసూ అయిపోయింది. రెండు తెచ్చాను, రెండూ వేస్తాను. నకల్స్ నాకివ్వు, ఇంటికి పట్టుకెళ్తా."

సైలావ్ చేతులు పైకెత్తాడు. "మీ ఇష్టం. ఐదింటికి తలుపులు మూస్తా. అప్పటికి రాలేదో, చక్రాలున్నా లేకున్నా బండిని మంచులోకి నెట్టేస్తా. నన్నేమీ అనొద్దు."

కుడి పక్కది కూడా ఊడొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పక్క టైర్ల కొట్టు ముందు పిల్లల మంచుబండి ఒకటి కనబడితే జౌరేష్ అడిగి తీసుకుంది. రెండు నకల్స్, చక్రాలు బిగించే రెండు హబ్‌లు దాని మీద పేర్చి, మెడలో శాలువా తీసి కట్టి, తాడు భుజానికి వేసుకుని లాగింది. ఆమె, లీదియా కలిసి ఉండే ఇల్లు నాలుగు వీధుల అవతల. గాలి మొహాన కొడుతోంది. రెండో వీధిలో ఊపిరి అందక ఒక స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. గ్యారేజీలో వినబడిన నవ్వు గుర్తొచ్చి మళ్ళీ లాగింది.

వంటగదిలో లీదియా ఉంది, గది నిండా ఆపిల్, దాల్చినచెక్క వాసన.

"ఓవెన్ ఖాళీ చెయ్యి."

"ఇంకా పది నిమిషాలు కాలాలే నా రొట్టె!"

"తర్వాత కాలుతుంది."

లీదియా నకల్స్ వైపు చూసింది, ఆమె జేబులోంచి తీస్తున్న బేరింగుల వైపు చూసింది. గుడ్డ అందుకుంది. రొట్టె సగం పచ్చిగానే బయటికొచ్చింది. కడిగి తుడిచిన నకల్స్ ఓవెన్‌లోకి పోయాయి. కొత్త బేరింగులు ఒక పళ్ళెంలో బాల్కనీలోకి పోయాయి. బయట సున్నాకి ముప్ఫై డిగ్రీల కింద ఉంది. వేడికి నకల్ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదవుతుంది, చలికి బేరింగు వెంట్రుకవాసి చిన్నదవుతుంది. వాళ్ళకు కావలసింది ఆ వెంట్రుకవాసే.

రెండు గంటలు గడిచాక మొదటిది వేశారు. జౌరేష్ తోలు చేతితొడుగులతో నకల్‌ను బల్ల మీద పెట్టింది, బాల్కనీలోంచి బేరింగు తెచ్చి సూటిగా వదిలింది. అది ఏ చప్పుడూ లేకుండా జారి అడుగున కూర్చుంది. లీదియా రెండో నకల్ కోసం ఓవెన్ తలుపు తెరిచింది.

రెండోది తేడా చేసింది. జౌరేష్ దాన్ని కొంచెం వంకరగా వదిలింది. బేరింగు ఒక పక్కకి ఒరిగి సగంలో ఆగింది. ఇంకో రెండు క్షణాలైతే చల్లదనం పోయి శాశ్వతంగా బిగిసిపోయేది. రెండు బొటనవేళ్ళూ కింద నుంచి ఆనించి ఒక్క తోపు తోసి బయటికి లాగేసింది. చేతితొడుగులోంచి వేలు చురుక్కుమంది.

"మూడున్నరైంది," అంది లీదియా గడియారం చూసి.

"తెలుసు."

"ఈసారి నేను కూడా పట్టుకుంటా."

"డాక్టరు బరువులెత్తొద్దన్నాడు నిన్ను."

"సూదులు గుచ్చే చేత్తో ఎత్తొద్దన్నాడు. ఇంకో చెయ్యి గురించి అడగలేదు, చెప్పలేదు. జరుగు!"

మళ్ళీ ఓవెన్, మళ్ళీ బాల్కనీ. నాలుగుంపావుకి లీదియా తల వంచి, ఒక కన్ను మూసి, రంధ్రం అంచు మీద చూపు నిలిపింది. "కొంచెం నీ వైపు... ఇంకొంచెం... చాలు. వదులు!" జౌరేష్ వదిలింది. దిగిపోయింది. వేడి తగ్గకముందే జౌరేష్ బేరింగు జారకుండా పట్టే సర్‌క్లిప్ బిగించి, నకల్స్ రెంటినీ హబ్‌లతో సహా శాలువాలో చుట్టి, మెట్లు దిగి మంచుబండి తాడు అందుకుంది.

గ్యారేజీ తలుపు సగం మూసి ఉంది. లారీ డ్రైవర్లు ఇంకా అక్కడే ఉన్నారు, పని అయిపోయినా పోలేదు. జౌరేష్ నకల్స్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పొడుగాటి బోల్టు ఒకటి, మందపాటి వాషర్లు కొన్ని ఏరుకుంది. పాత బేరింగు లోపలి రింగును వెనక ఆనించి, బోల్టు బిగిస్తూ హబ్‌ను లోపలికి లాగడం మొదలుపెట్టింది. స్పానరు నాలుగు తిప్పులకే ఆమె భుజం మొరాయించింది. సైలావ్ కాసేపు చూసి, ముందుకొచ్చి ఆమె చేతిలోంచి స్పానరు తీసుకున్నాడు.

"ఎంతదాకా?"

"ఆగే దాకా. ఆగాక ఒక్క పిసరు కూడా వద్దు."

అతను నెమ్మదిగా తిప్పాడు. అతనికి నెమ్మదితనం తెలుసని ఆమెకు అప్పుడే తెలిసింది. రెండూ బిగించి, బండికి ఎక్కించి, చక్రాలు వేసేసరికి ఐదున్నర. జాకీ మీదే చక్రాన్ని తిప్పాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే స్ప్రింగు మీద చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఇంట్లో ఎలా దింపారు అపా?"

"ఓవెన్‌లో పెట్టి. ఆపిల్ రొట్టె బయట పెట్టి."

ముసలి డ్రైవరు చాయ్ కక్కేసుకున్నంత నవ్వాడు. ఈసారి సైలావ్ కూడా నవ్వాడు, కానీ ఎక్కువసేపు కాదు. "రేపు ఇలాంటివే రెండు బళ్ళు వస్తున్నాయి. నకల్స్ మీ ఇంటికి పంపనా?"

"నా వంటగది గ్యారేజీ కాదు. ఆ కోట్లు తీసి మేకుకి తగిలించుకో, ప్రెస్సుకి సీలు వెయ్యి. వసంతం దాకా ఆగేది లేదు. అప్పటిదాకా సుత్తితో వేశావని వింటే, ఆ రింగు పట్టుకుని బజారంతా తిరిగి చూపిస్తా."

"అంత పని చేస్తారా?"

"మంచుబండి లాక్కుంటూ నాలుగు వీధులు నడిచినదాన్ని. బజారు ఎంత దూరం?"

సైలావ్ ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు, మూతి ఒక పక్కకి లాగి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

బుధవారం ఆరింటికి ఇంకా వెలుతురు రాలేదు. లీదియా దుప్పటి మోకాళ్ళ మీద కప్పుకుని కూర్చుంది. ఊరు దాటాక బండి అరవై దాటింది, ఎనభై దాటింది. టైర్ల కింద మంచు నలుగుతున్న శబ్దం తప్ప ఇంకేమీ లేదు. ధాన్యం గిడ్డంగుల దగ్గర కుడి మలుపు వచ్చింది. జౌరేష్ వేగం తగ్గించకుండా చెవులు రిక్కించి తిప్పింది. ఎడమ చక్రం మూలగలేదు.

"అట్లా తిప్పకే, కడుపులో దేవుతోంది!" అంది లీదియా.

"ఓర్చుకో. ఇంకో మలుపుంది," అని జౌరేష్ రెండోదాన్ని కూడా అలాగే తిప్పింది.