రెండు చేతులూ

“ఇయ్యాల చేతులు లేపకు. అందరు చూస్తరు. సక్కగ కూసొని పాడు, సాలు.”

యోహాను ఈ మాట అన్నప్పుడు కాంతమ్మ అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. తెలకపల్లి పక్క ఊళ్లో వాళ్ల చిన్న చర్చికి అతను సంఘపెద్ద. ఆదివారం ఆ చొక్కా మీద ముడత కనపడకూడదు. శనివారం సాయంత్రమే ఆమె చర్చి ఊడ్చి, కడిగి, చాపలు పరిచి వచ్చింది. అది మాత్రం ఎవరూ చూడరు.

అతని బాధంతా పోయిన ఆదివారం గురించి. కూతురు అఖిలకు జ్వరం ముదిరి పదకొండు రోజులు దవాఖానలో ఉంది. ఆ పదకొండు రోజులూ మంచం పక్కన నేల మీదే కాంతమ్మ. తడిగుడ్డలు మార్చింది, పిల్ల కక్కింది ఎత్తింది, ఇంత తిన్నానో లేదో కూడా మరిచిపోయింది. యోహాను రెండుసార్లు వచ్చి, నిలబడి ప్రార్థన చేసి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు. పిల్ల బతికి బయటపడింది. దేవుడు చేసిన మేలు గురించి ఇంటి సాక్ష్యం ఇంటాయనే చెప్పాలని ఆ సంఘంలో ఆనవాయితీ, అందుకని ఆ ఆదివారం మైకు పట్టుకున్నది అతనే. “రాత్రింబగళ్లు మోకాళ్ల మీదున్న, దేవుడు నా బిడ్డను నాకిచ్చిండు” అన్నాడు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న కాంతమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట వెనకే ఏడుపు, ఏడుపు వెనకే పట్టరాని సంతోషం. పిల్ల పక్కనే ఉంది మరి, ప్రాణాలతో, భుజానికి ఆనుకుని. పాట మొదలవగానే ఆమె చేతులు రెండూ పైకి లేచాయి.

రెండూ లేవడమే తప్పయింది. అక్కడ ఆడవాళ్లు ఒక చెయ్యే ఎత్తుతారు. రెండో చెయ్యి తలమీది కొంగు పట్టుకోవాలి. ఎంత కృతజ్ఞత పొంగినా సగం దేవుడికి, సగం కొంగుకి. మగవాళ్లకు ఆ బెడద లేదు. రెండు చేతులూ చాచి ఊగిపోతే ఆత్మపూర్ణుడని మెచ్చుకుంటారు. కాంతమ్మ కొంగు జారి భుజం మీద పడినందుకు వారం రోజులు మాటలు. “సంఘపెద్ద పెండ్లాం గట్ల ఊగుతదా?” అన్నారట ఎవరో. ఆ ఎవరో ఎవరో గానీ, మాటను మాత్రం యోహాను రోజూ అప్పజెప్పాడు. “నా ఇజ్జత్ తీసినవ్” అన్నాడు. కూతురి ప్రాణం తిరిగొచ్చిన వారంలో ఈయనకు పోయింది ఇజ్జత్!

ఆమె చొక్కా అందించింది.

చర్చిలో పాట ఎత్తుకున్నారు. కాంతమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొదటి చరణం ఓపిక పట్టింది. రెండో చరణానికి ఆ ఓపిక అయిపోయింది. ఇదేం కూర్చోవడం, చావింట్లో కూర్చున్నట్టు? పిల్లను తిరిగి ఇచ్చిన దేవుడి ముందు కూడా ఒదిగి ఒదిగి ఉండాలా? ఉండను, అనుకుంది. లేచి నిలబడింది. రెండు చేతులూ ఎత్తింది. కొంగు జారిపోతుంటే పట్టుకోలేదు.

యోహాను మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టి, “ఏయ్, కొంగు!” అన్నాడు. తాళాలు ఆగాయి. పాటా ఆగిపోయింది.

కాంతమ్మ చేతులు దించలేదు.

“అఖిల నాయినా, పుణెల బిల్డింగుల పనికి పోయి పదేండ్లు నెత్తి మీద ఇసుక తట్ట మోసిన. ఈ రెండు చేతులు పైకే ఉండె. తట్ట నింపి నా నెత్తికెత్తింది నువ్వే. కొంగు యాడికి పాయెనని ఒక్కనాడన్న అడిగినవా?”

మగవాళ్ల వైపు ఎవరూ తలెత్తలేదు. వాళ్లలో సగం మంది తట్టలు నింపినవాళ్లే.

ఆ చర్చిలో ఇంతవరకు ఏ ఆడమనిషీ పాట ఎత్తుకోలేదు. ఆగిపోయిన చరణాన్ని కాంతమ్మే ఎత్తుకుంది.